చారన్నం పళ్ళెంతో మొదలుపెట్టండి: రోజూ వాడే చేతి పింగాణీ గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విజయవాడలో ఇంటి మేడమీద మూడేళ్ళుగా స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి కాల్చే గట్టి మట్టిపాత్రలు) చేస్తున్నారు. 1250 డిగ్రీల దాకా వెళ్ళే చిన్న ఎలక్ట్రిక్ కిల్న్ (పాత్రలు కాల్చే కొలిమి) ఉంది. ఇక తెల్ల పింగాణీలోకి దిగి, ఇళ్ళల్లో రోజూ వాడుకునే కప్పులు, పళ్ళాలు చేసి అమ్మాలని ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళేమో "పింగాణీ అద్దాల బీరువాలో పెట్టుకోవడానికే, వాడకానికి ఆగదు" అంటున్నారు. అది నిజమేనా, కాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి, ఫ్యాక్టరీ కప్పు అంత చవగ్గా దొరుకుతుంటే చేత్తో చేసింది ఎవరు కొంటారు?

నిజం కాదు. నేను హైదరాబాద్‌లో పదహారేళ్ళుగా మట్టి పని చేస్తున్నాను, అందులో చివరి పదకొండేళ్ళూ పింగాణీయే. మా ఇంట్లో ఆరుగురం. పొద్దున టీ కప్పు దగ్గర్నుంచి రాత్రి పెరుగు తోడేసే గిన్నె దాకా అన్నీ నేను చేసినవే. స్టీలు గిన్నెలతో కలిపి అదే సింకులో పడతాయి, అదే పీచుతో తోముతారు. కిందటేడాది మొత్తం మీద మూడు పగిలాయి. మూడూ గచ్చు మీద పడ్డవే.

సరిగ్గా కాలిన పింగాణీ స్టోన్‌వేర్ కంటే గట్టిది. మరి నాజూకు అన్న పేరు ఎందుకొచ్చిందంటే, చేసేవాళ్ళు దాన్ని కావాలని పల్చగా లాగుతారు. వెలుతురు ఇవతలికి కనిపించాలన్న మోజు అలాంటిది. నాకూ ఉండేది, నాలుగేళ్ళు ఆ మోజులోనే పోయాయి. మన ఇరానీ హోటల్ కప్పుని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అది ఏ మట్టిదైనా కానివ్వండి, దాన్ని కాపాడేది ఆకారం. అంచు గుండ్రంగా, మందంగా ఉంటుంది. అడుగున బరువు ఉంటుంది. పిడి కప్పుకి దగ్గరగా, పొట్టిగా ఉంటుంది, పక్క కప్పుకి తగిలి విరగదు. రోజుకి ఎన్నిసార్లో కడిగే చోట నిలబడాలి కాబట్టి అది అలా తయారైంది. పల్చటి కప్పు చేయొద్దని కాదు. రోజువారీ సరుకుతో మొదలుపెడుతున్నానన్నారు కాబట్టి గోడ మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్లు ఉంచండి, అంచు దగ్గర ఇంకాస్త. తెల్లదనం ఎలాగూ ఉంటుంది. వెలుతురు ఆ మందంలో పెద్దగా రాదు, రాకపోయినా పర్వాలేదు.

పేరు గురించి ఒక మాట, ఎందుకంటే కొనేవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఇది పనికొస్తుంది. తెలుగులో మనం గ్లేజు, అంటే గాజులాంటి పూత, ఉన్న ప్రతిదాన్నీ పింగాణీ అనేస్తాం. ఆవకాయ జాడీని పింగాణీ జాడీ అంటాం. నిజానికి ఆ జాడీ స్టోన్‌వేర్. పగిలిన జాడీ పెంకు చూస్తే లోపల గోధుమరంగో బూడిదరంగో ఉంటుంది, తెలుపు ఉండదు. అసలు పింగాణీలో ఉండేవి మూడే: కేయోలిన్ అనే తెల్లమన్ను, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్. పాతకాలపు లెక్క సగం కేయోలిన్, పాతిక వంతు ఫెల్డ్‌స్పార్, పాతిక వంతు క్వార్ట్జ్. చైనాలో జింగ్‌దెజెన్ పక్కనున్న గావ్‌లింగ్ అనే కొండ పేరే కేయోలిన్ అయింది. ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ మన మహబూబ్‌నగర్ వైపు నేలలోనే ఉన్నాయి. ఇనుము తక్కువుండే తెల్లని కేయోలిన్‌కి కేరళ మన్ను మంచిది. కానీ మొదటి ఏడాది ఈ మూడూ తెచ్చి కలిపే పని పెట్టుకోకండి. తయారుగా దొరికే మన్ను కొనుక్కోండి. కలపడం తర్వాత నేర్చుకోవచ్చు.

బోన్ చైనా వేరు. ఎముకల బూడిద సగం దాకా కలిసే ఆ మన్ను 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లాండులో స్పోడ్ అనే కార్ఖానా వాళ్ళ చేతిలో కుదురుకుంది. చేత్తో సారె మీద లాగడానికి దాదాపు లొంగదు, అచ్చుల్లో పోసే పని. మన ఇళ్ళల్లో ఎముక బూడిద అంటే వద్దనేవాళ్ళూ ఉన్నారు. కొనేవాళ్ళు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు, "మాది బోన్ చైనా కాదు, అందులో ఎముక లేదు" అని ముందే చెప్పండి.

ఇక అసలు విషయం, మీ కిల్న్. యూరప్ వాళ్ళు చైనా పింగాణీని చూసి చాలా కాలం తలలు పట్టుకున్నారు. జర్మనీలో చిర్న్‌హౌస్, బాట్గర్ అనే ఇద్దరు కలిసి 1708లో దారి పట్టారు, 1710లో మైసెన్‌లో కార్ఖానా పెట్టారు. అంతవరకూ వాళ్ళకి దొరకంది ఒక్క మన్ను మాత్రమే కాదు, అంత వేడి పుట్టించి నిలబెట్టడం కూడా. మనకి ఇప్పుడు స్విచ్చు వేస్తే వేడి వస్తుంది, అయినా చిక్కు అక్కడే ఉంది. సంప్రదాయ పింగాణీ మన్ను 1280 డిగ్రీల పైన పండుతుంది, అంటే లోపలి రంధ్రాలు మూసుకుని గట్టిపడుతుంది. మీ కిల్న్ మీద రాసింది 1250. అంటే అది ఎప్పుడో ఒకసారి అందుకోగల హద్దు, రోజూ నడిపే చోటు కాదు. రోజూ ఆ అంచున నడిపితే కాయిల్స్ త్వరగా పోతాయి.

నేను చేసిన తప్పు ఇక్కడే. మొదటి ఏడాది 1280 మన్ను తెచ్చి 1230కి కాల్చాను. బయటికి తీస్తే తెల్లగా, నున్నగా, ఎంతో ముచ్చటగా ఉన్నాయి. అమ్మేశాను. నాలుగు నెలలకి ఒక పెద్దావిడ కప్పుని న్యూస్‌పేపర్లో చుట్టి తీసుకొచ్చారు. కోప్పడలేదు. బల్ల మీద పెట్టి "అమ్మాయ్, ఇది చూడు" అన్నారు అంతే. అడుగున గ్లేజు లేని రింగు టీ రంగుకి తిరిగింది. లోపల గ్లేజులో వెంట్రుకవాసి జీరలు, ఒక్కో జీరలోనూ సన్నటి గోధుమ గీత. వేడినీళ్ళు పోసి కాసేపు ఉంచితే బల్ల మీద తడి చుట్టు పడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత టీ వాసన. ఆ కప్పు ఇప్పటికీ నా దగ్గరుంది. మన్ను పూర్తిగా పండలేదు, లోపల సన్నటి రంధ్రాలు మిగిలాయి, గ్లేజు చిట్లగానే టీ అందులోకి దిగింది. తెల్లగా ఉన్నంత మాత్రాన పింగాణీ అయిపోదని నాకు ఆ రోజు తెలిసింది. ఆ విడతలో అమ్మినవాటిలో దొరికినన్ని వెనక్కి తీసుకుని డబ్బులిచ్చేశాను.

అందుకని మీరు 1220 నుంచి 1240 మధ్య పండేలా చేసిన మన్నే కొనండి. కోన్ 6 పింగాణీ అని అడిగితే ఇస్తారు, కోన్ అంటే వేడి మోతాదుకి గుర్తు. అందులో కరిగే పాళ్ళు ఎక్కువ ఉంటాయి. అమ్మేవాడి మాట మీద ఆగకుండా, మీరే తూచి చూసుకోండి. వేలెడంత పొడవు బిళ్ళలు ఐదారు చేసి, గ్లేజు లేకుండా కిల్న్‌లో పైన, మధ్యన, కింద పెట్టి కాల్చండి. చల్లారాక పొడిగా ఉన్నప్పుడే తూచి రాసుకోండి. తర్వాత రెండు గంటలు నీళ్ళలో మరిగించి, ఆ నీళ్ళలోనే రాత్రంతా వదిలేసి, పొద్దున తడిగుడ్డతో తుడిచి మళ్ళీ తూచండి. 120 గ్రాముల బిళ్ళ 120.4 అయితే పీల్చింది 0.33 శాతం, అది పింగాణీ. అదే బిళ్ళ 123.6 అయితే 3 శాతం, దాంతో కప్పు చేసి అమ్మకండి. అర శాతం లోపు ఉండాలి. దీనికి బంగారం కొట్లో లాంటి చిన్న తక్కెడ చాలు, గ్రాములో పదో వంతు చూపిస్తే సరిపోతుంది. కుండలు కొనేటప్పుడు మనవాళ్ళు తట్టి చూస్తారు కదా, పండిన పింగాణీ గిన్నెని వేలితో తడితే ఖంగుమని చాలాసేపు మోగుతుంది. ఆ మోత కూడా గుర్తే, కానీ తక్కెడ చెప్పేది గట్టి మాట.

ఇంకొకటి, కిల్న్ డిస్‌ప్లే మీద కనిపించే అంకెని నమ్మకండి. ప్రతి ఫైరింగ్‌లోనూ, అంటే కాల్చిన ప్రతిసారీ, కోన్లు పెట్టండి. ఇవి తగినంత వేడికి మెత్తబడి వంగే చిన్న మట్టి శంకువులు. బెర్లిన్‌లో సెగర్ అనే రసాయన శాస్త్రవేత్త 1886లో వీటిని తెచ్చాడు, ఇంతవరకూ వీటిని మించినది లేదు. కోన్ వంగిందంటే అక్కడ ఎంత వేడి ఎంతసేపు పనిచేసిందో కళ్ళకి కనిపిస్తుంది. నా కిల్న్‌లో పై అరకీ కింది అరకీ దాదాపు సగం కోన్ తేడా ఉండేది, అది కోన్లు పెట్టాకే తెలిసింది. అప్పటి నుంచి కప్పులు పైన, పళ్ళాలు కింద పెడుతున్నాను. చివరి వంద డిగ్రీలు గంటకి 60 చొప్పున మెల్లగా ఎక్కించి, పైన ఓ పావుగంట నిలబెట్టండి.

ఎలక్ట్రిక్ కిల్న్ అని తక్కువగా అనుకోవద్దు. వియన్నా నుంచి 1938లో లండన్ చేరిన కుండల కళాకారిణి లూసీ రీ, యుద్ధకాలంలో బొత్తాలు చేసి బతికి, తర్వాత ఒక చిన్న సందు ఇంట్లో ఎలక్ట్రిక్ కిల్న్‌తోనే కాఫీ కప్పులు, గిన్నెలు చేసింది. 1995లో పోయేనాటికి ప్రపంచంలో చాలా పెద్ద మ్యూజియాలు ఆమె పని దాచుకున్నాయి. మన దగ్గర ఇళ్ళల్లో వాడుకునే చేతి పాత్రలకి బలమైన దారి వేసింది పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ. అక్కడ నేర్చుకున్నవాళ్ళు దేశమంతా ఉన్నారు. అలాంటివాళ్ళ దగ్గర ఒక నెల కూర్చోగలిగితే కూర్చోండి.

సారె మీద పింగాణీ మన్ను స్టోన్‌వేర్‌లా ఉండదు. వెన్నలా జారుతుంది, నీళ్ళు ఎక్కువైతే ఒక్కసారిగా కూలిపోతుంది. నీళ్ళు తక్కువ వాడండి, త్వరగా లాగి చేయి తీసేయండి. అడుగుని చెక్కతోనో రబ్బరు ముక్కతోనో మధ్య నుంచి అంచుకీ, అంచు నుంచి మధ్యకీ నాలుగైదుసార్లు గట్టిగా నొక్కండి. ఇది చేయకపోతే ఆరేటప్పుడో కాలేటప్పుడో అడుగున ఎస్ ఆకారంలో బీట వస్తుంది. మీరు మొదటి నెలలో ఎక్కువగా పారేసేవి ఇవే.

ఈ మన్ను ఏదీ మర్చిపోదు. పచ్చిగా ఉన్నప్పుడు కప్పు అంచు కోలగా నొక్కుకుపోతే మళ్ళీ గుండ్రంగా సర్దుతారు, ఎండినప్పుడు గుండ్రంగానే ఉంటుంది, గ్లేజు ఫైరింగ్‌లోంచి కోలగా బయటికొస్తుంది. అందుకే సారె మీద నుంచి చేత్తో ఎత్తకండి, పలకతో సహా దింపండి. పిడి కూడా అంతే. సారె తిరిగిన మెలి కాలేటప్పుడు కొంచెం విప్పుకుంటుంది, దాంతో నిటారుగా అతికిన పిడి పక్కకి ఒరుగుతుంది. నేను నిటారు కంటే వెంట్రుకంత రెండో వైపుకి వాల్చి అతుకుతాను. ఎంత వాల్చాలన్నది మీ చెయ్యీ మీ మన్నూ బట్టి ఉంటుంది. పది కప్పులకి పది రకాలుగా అతికి, కింద నంబర్లు వేసి కాల్చి చూసుకోండి.

ఆరబెట్టడంలో ఊరు ఊరుకీ తేడా ఉంది. మా దగ్గర ఏప్రిల్‌లో పొడిగాలికి అంచు గంటలో తెల్లబడుతుంది, అడుగు ఇంకా పచ్చిగానే ఉంటుంది, ఆ రెంటి మధ్య గోడ చీలుతుంది. అంచు మీద తడి గుడ్డ పీలికలు కప్పి, పైన ప్లాస్టిక్ కవర్ వేసి మూడు రోజులు ఉంచుతాను. మీ కృష్ణ ఒడ్డున ఉక్కపోతలో అంత తొందర ఉండదేమో కానీ ఫ్యాన్ గాలి ఒక పక్క నుంచే తగలకుండా చూసుకోండి. పిడీ కప్పూ ఒకే పచ్చిదనంలో ఉన్నప్పుడే అతకాలి. ఇక్కడ ఓపిక పట్టలేకపోతే తర్వాత ఏం చేసినా ఆ అతుకు దగ్గర జీర పడుతుంది. జీర పడ్డ కప్పుని "సెకండ్స్" పేరుతో తగ్గించి అమ్మకండి. మరిగే టీ పోసినప్పుడు పిడి ఊడి వస్తే తాగేవాళ్ళ ఒళ్ళు కాలుతుంది. అలాంటివి నేనే సుత్తితో కొట్టేస్తాను.

కుదింపు లెక్క ముందే వేసుకోండి. నేను వాడే మన్ను 13 శాతం తగ్గుతుంది. 10 సెంటీమీటర్ల పచ్చి కప్పు చివరికి 8.7 అవుతుంది. పట్టే కొలత ఇంకా ఎక్కువ పడిపోతుంది. 180 మిల్లీలీటర్ల టీ కప్పు కావాలంటే పచ్చిగా ఉన్నప్పుడు 273 మిల్లీలీటర్లు పట్టాలి. సారె మీద అది గిన్నెంత కనిపిస్తుంది, చేయి భయపడి చిన్నది చేసేస్తుంది. బిళ్ళల పరీక్షలోనే పది సెంటీమీటర్ల గీత గీసి కాల్చి కొలవండి, మీ మన్ను లెక్క తెలిసిపోతుంది.

పళ్ళెం గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మొదట్లో ఒక హోటల్ వాళ్ళు పత్రికలో బొమ్మ చూపించి 40 బల్లపరుపు పళ్ళాలు చేయమన్నారు. పదంగుళాల వెడల్పు, అరంగుళం అంచు. చేశాను. కిల్న్‌లో పింగాణీ పండే వేళకి కొంచెం మెత్తబడుతుంది, ఆధారం లేని చోట కిందికి వాలుతుంది. నా పళ్ళాల అంచులు వాలిపోయాయి, మధ్యలు ఉబ్బాయి. బల్ల మీద పెడితే గుండ్రంగా తిరిగాయి. నలభైలో పదకొండు మిగిలాయి. ఆ పదకొండులో ఒకటి ఇంటికి తెచ్చుకుని అన్నం తిన్నాం. పప్పన్నం దాకా సరే. చారు పోసుకోగానే చారంతా పళ్ళెం చుట్టూ పరుగెత్తింది. మా అత్తగారు రెండో ముద్దకే స్టీలు పళ్ళెం తెచ్చుకున్నారు. "దీనికి గోడ లేదు కదమ్మా, ముద్ద దేనికి ఆనించి కలుపుకోవాలి?" అన్నారు.

ఆ మాట మీద రెండు నెలలు పనిచేశాను. మనం చేత్తో తింటాం. వేళ్ళతో అన్నం కలిపి, ఒక పక్కకి తోసి, గోడకి ఆనించి ముద్ద చేస్తాం. చారు, మజ్జిగ ఒకచోట నిలవాలి. అంటే అడుగు కాస్త పల్లంగా, గోడ మూడు సెంటీమీటర్ల ఎత్తున వంపు తిరిగి పైకి లేవాలి. బొటనవేలు కింద నుంచి ముద్దని తోసేటప్పుడు ఆ వంపులో ఎక్కడా మూల తగలకూడదు. నా పళ్ళెం ఇప్పుడు పచ్చిగా 23 సెంటీమీటర్లు, కాలాక 20. ఆశ్చర్యం ఏమిటంటే, తినడానికి కుదిరిన ఆ వంపే కాలడానికీ కుదిరింది. వంపు గోడ తనని తాను మోసుకుంటుంది, బల్లపరుపు అంచులా వాలదు. అడుగు రింగుని బాగా వెడల్పుగా, పళ్ళెం వెడల్పులో దాదాపు మూడింట రెండొంతులు ఉంచాను. ఇప్పుడు పదిలో ఒకటి పోతే ఎక్కువ. మీరు మొదట చేయాల్సింది ఈ పళ్ళెమే. దీంతోపాటు ఒక కప్పు. రెండే ఆకారాలు పెట్టుకుని, ఆర్నెల్లు మీ ఇంట్లోనే వాడండి. పది రకాలు ఒకేసారి మొదలుపెట్టినవాళ్ళలో ఒక్క రకమూ కుదిరినవాళ్ళని నేను చూడలేదు.

అంచు గురించి కూడా ఇక్కడే. మన వంటింట్లో అన్నీ స్టీలు. కుళాయి స్టీలు, సింకు స్టీలు, గరిటె స్టీలు. పదునుగా ఉన్న పింగాణీ అంచు స్టీలుకి తగలగానే పెచ్చు లేస్తుంది. అంచుని గుండ్రంగా తిప్పి, సగం ఆరిన పచ్చి మీద ఉన్నప్పుడు తడి తోలుముక్కతో నాలుగు చుట్లు నొక్కండి. పచ్చి మన్ను బిగుస్తుంది. అడుగు రింగుని గ్లేజు ఫైరింగ్ అయ్యాక డైమండ్ ప్యాడ్‌తో, నీళ్ళు పోస్తూ నున్నగా అరగదీయండి, లేకపోతే డైనింగ్ టేబుల్ మీద గీతలు పడతాయి. పింగాణీ రింగు కిల్న్ అరకి అతుక్కుని చిన్న పెచ్చు వదిలేసే అలవాటు ఉంది. రింగుకి రాసే వ్యాక్స్‌లో కాస్త అల్యూమినా పొడి కలిపితే ఆ బాధ తప్పుతుంది.

గ్లేజు విషయంలో సాహసాలు వద్దు. తిండి తగిలే లోపలి వైపు మెరిసే, రంగులేని గ్లేజే వేయండి. మీ రంగులు బయటి వైపుకి. మెరుపు లేని మ్యాట్ గ్లేజు చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ స్టీలు చెంచా గీతలు నల్లగా పడిపోతాయి, పసుపు పట్టుకుంటుంది. ఫెల్డ్‌స్పార్ 40, క్వార్ట్జ్ 30, సున్నపురాయి పొడి 20, కేయోలిన్ 10 అనే పాత గ్లేజు ఒకటి అందరూ చెప్తారు. చాలా మంచిది, కానీ అది 1280 పైన కరిగేది, మీ వేడికి కరగదు. మీకు తక్కువ వేడికే కరిగే, బోరాన్ ఉన్న ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు) కావాలి. విడిగా సంచుల్లో అమ్మే ఫ్రిట్ కొనేటప్పుడు అందులో సీసం లేదని కాగితం మీద రాయించుకోండి. రాసివ్వకపోతే కొనకండి.

మన వంటలో పులుపు ఎక్కువ. చింతపండు చారు, నిమ్మకాయ పులిహోర, మజ్జిగ పులుసు, ఆవకాయ ముక్క, అన్నీ గ్లేజుని పరీక్ష పెట్టేవే. సగం కోసిన నిమ్మచెక్కని గ్లేజు మీద బోర్లించి ఒక రోజు ఉంచండి. కింద రంగు మారినా, మెరుపు తగ్గినా ఆ గ్లేజు పనికిరాదు. మారకపోతే పాసైనట్టు కాదు, ల్యాబ్‌కి పంపే అర్హత వచ్చిందంతే. ల్యాబ్‌లో 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచి, ఎంత సీసం, ఎంత కాడ్మియం దిగిందో కొలుస్తారు. అమెరికాలో కప్పులకి సీసం హద్దు లీటరుకి 0.5 మిల్లీగ్రాములు. అక్కడున్న మనవాళ్ళు ఆర్డర్ పెట్టేటప్పుడు ఈ రిపోర్ట్ అడుగుతారు, అడగడం న్యాయమే. గ్లేజు మార్చిన ప్రతిసారీ మళ్ళీ పంపాలి.

చిట్లడం సంగతీ చూడండి. కప్పుని రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి, పొద్దున సింకులో ఉంచి మరిగే నీళ్ళు పోయండి. ఇలా మూడుసార్లు. ఆరాక సిరా రాసి తుడవండి. జీరలుంటే సిరా అందులో నిలుస్తుంది. నిలిచిందంటే గ్లేజు మన్ను కంటే ఎక్కువ కుదించుకుంటోందన్నమాట, గ్లేజులో క్వార్ట్జ్ కొద్దికొద్దిగా పెంచుతూ పోండి.

ఒక జాగ్రత్త మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. క్వార్ట్జ్ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రాదు, సిలికోసిస్ అనే జబ్బు అలా వస్తుంది, దానికి మందు లేదు. స్టూడియోని పొడి చీపురుతో ఎప్పుడూ ఊడ్చకండి. నీళ్ళు చల్లి తడిగుడ్డతో తుడవండి. పొడులు కలిపేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి, చేతిరుమాలు కట్టుకుంటే చాలదు. ఇంటి మేడ అన్నారు, పిల్లలు ఆడుకునే చోటైతే మన్ను పనికి తలుపు ఉన్న గది వేరుగా పెట్టుకోండి. స్టోన్‌వేర్ బకెట్లూ, స్పాంజీలూ పింగాణీకి వాడకండి, ఒక్క ఇనుప రేణువు చాలు తెల్ల పళ్ళెం మీద నల్లచుక్క పడటానికి.

ధర. 1637 నాటి చైనా గ్రంథం ఒకటి, ఒక కప్పు పూర్తవడానికి 72 చేతులు మారుతుందని రాసింది. అక్కడ అచ్చు వేసేవాడు వేరు, చెక్కేవాడు వేరు, గీత గీసేవాడు వేరు. మీ దగ్గర ఆ పనులన్నీ మీవే. నా లెక్క చెప్తాను. ఒక కప్పుకి సారె, చెక్కడం, పిడి, గ్లేజు, అరగదీయడం అన్నీ కలిపి దాదాపు 45 నిమిషాలు పడుతుంది. గ్లేజు ఫైరింగ్ ఒకదానికి 55 యూనిట్ల కరెంటు, అందులో 36 కప్పులు పడతాయి, 29 దాకా అమ్మేలా వస్తాయి. కప్పు 850 రూపాయలకి ఇస్తాను. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలోనో మరెక్కడో మెషిన్ మీద తయారైన కప్పుతో ఇది పోటీ పడదు, పడాలని చూడకండి. నా దగ్గర కొనేవాళ్ళు కప్పుల సెట్టు కోసం రారు. ఒక్క పళ్ళెం కొంటారు, రెండు నెలలు తింటారు, మళ్ళీ వచ్చి ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని తీసుకెళ్తారు. పగిలితే అదే కొలతతో అదే వంపుతో ఇంకొకటి చేసిస్తాను. దానికోసం ప్రతి ఆకారానికీ రేకు మీద కత్తిరించిన గోడ వంపు, పచ్చి బరువు, కొలతలు ఒక పుస్తకంలో రాసి ఉంచాను. మీరూ మొదటి రోజు నుంచే రాసుకోండి.

కొన్నవాళ్ళకి వాడకం గురించి ఒక చీటీ ఇవ్వండి. గ్యాస్ మంట మీద పెట్టొద్దు, ఫ్రిజ్ నుంచి తీసిన గిన్నెలో వెంటనే మరిగే చారు పోయొద్దు, బంగారు గీత ఉన్నదాన్ని మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. ఇంతే చాలు.

ఈ వారం మీరు చేయాల్సింది బిళ్ళల పని. కోన్ 6 మన్ను రెండు రకాలు తెప్పించుకుని, ఒక్కోదానికి ఆరేసి బిళ్ళలు, పది సెంటీమీటర్ల గీతతో. కాల్చిన తర్వాత పొడి తూకం, తడి తూకం, గీత ఎంతకి తగ్గింది, పక్కనున్న కోన్ ఎంత వంగింది, ఈ నాలుగూ ఇక్కడ రాయండి. కిల్న్‌లో ఏ అరలో ఏ బిళ్ళ పెట్టారో కూడా. అవి చూశాక గ్లేజు పాళ్ళు మాట్లాడుకుందాం.